తగ్గిపోయిందని వదిలేయొద్దు

లాడ్ బజార్‌లో గాజుల వ్యాపారి ఒకరితో దక్కనీలో బేరమాడుతూనే పక్కనున్నవారికి తెలుగులో ధర చెబుతాడు. అలాంటి మనిషికి ఓ పొద్దున ఉన్నట్టుండి మూతి వంకరపోయి, మాట ముద్దగా వచ్చి, కుడిచేయి పట్టు తప్పిందనుకోండి. పావుగంటలో అంతా సర్దుకుంటే నీరసం అనుకుని మళ్లీ గల్లా దగ్గర కూర్చుంటాడు.

అది మినీ స్ట్రోక్. మెదడులో ఒకచోట రక్తప్రసారం కాసేపు ఆగి మళ్లీ మొదలైంది. అసలు పక్షవాతం ముప్పు ఆ తర్వాతి 48 గంటల్లోనే బాగా ఎక్కువ. కాబట్టి లక్షణాలు తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇలాంటివారికి ఎమ్మారై తీస్తే మెదడు లోతుల్లో తెల్లమచ్చలు తరచుగా కనిపిస్తాయి. నాడీకణాల మధ్య సమాచారం మోసే పోగులు ఉండేది అక్కడే. మైలిన్ అనే కొవ్వుపొర వల్ల ఆ భాగం తెల్లగా ఉంటుంది. అందుకే దాన్ని శ్వేత పదార్థం అంటారు. ఏళ్ల తరబడి అదుపు తప్పిన బీపీ, షుగర్ వల్ల అక్కడి సన్నని రక్తనాళాల గోడలు దళసరెక్కుతాయి. రక్తం చాలక మైలిన్, పోగులు దెబ్బతింటాయి. ఈ మార్పుకు 1987లో వ్లాదిమిర్ హచిన్‌స్కీ బృందం ల్యూకోఅరైయోసిస్ అని పేరు పెట్టింది.

ఇందులో మతిమరుపు కన్నా ముందు ఆలోచన వేగం మందగించవచ్చు. రోజూ నోటితో చేసే లెక్కకు తడుముకుంటారు. ఒకేసారి రెండు పనులు చూసుకోలేరు. నడక నెమ్మదిస్తుంది. ఒక్క నిమిషంలో వీలైనన్ని జంతువుల పేర్లు చెప్పమని డాక్టర్లు అడిగేది ఈ వేగాన్ని చూడటానికి కూడా.

ఆ గాజుల వ్యాపారిలా రెండు భాషలు వాడేవారికి ఇక్కడ కొంత మేలు ఉండొచ్చు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవారిలో 19.6 శాతం మందికి, రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగానే ఉంది. మాట పడిపోవడంలో మాత్రం తేడా లేదు. ఒక భాషను ఆపుకుని మరోదానిలోకి మారే నిత్య సాధన మెదడుకు అదనపు బలం ఇస్తుందని పరిశోధకుల అభిప్రాయం. పాతబస్తీలో ఒక గల్లీ మూసేస్తే ఇంకో గల్లీలోంచి వెళ్లినట్టు, మెదడు వేరే దారిలో పని నడుపుకుంటుంది.

అయితే ఎన్ని భాషలు వచ్చినా బీపీ తగ్గదు. పై బీపీని 120 లోపు ఉంచేలా చికిత్స చేసినవారిలో తెల్లమచ్చలు మిగతావారికన్నా నెమ్మదిగా పెరిగాయని 2019లో అమెరికా అధ్యయనం తేల్చింది. ఎవరికెంత ఉండాలో డాక్టరు చెబుతారు. ఇంట్లో పెద్దవాళ్లకు బీపీ, షుగర్ క్రమంగా చూపించండి, మందులు మానకుండా చూడండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. తగ్గాక వెళ్దామని ఆగొద్దు.