మిషన్లో చెయ్యి పడితే ఏం చేయాలి?

మక్కల మిషన్లో కంకులు తోసేటప్పుడో, చెరకు క్రషర్‌లో గడ పెట్టేటప్పుడో, పసుపు పాలిష్ డ్రమ్ము బెల్టు సర్దేటప్పుడో రెప్పపాటులో చెయ్యి పోతుంది. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినా, మన చేలల్లో మిషన్లు తగ్గలేదు కదా.

తెగిన చెయ్యి మళ్లీ అతుకుతుంది. 1962లో అమెరికాలోని బోస్టన్‌లో రైలు ప్రమాదంలో చెయ్యి తెగిన 12 ఏళ్ల పిల్లవాడికి డాక్టర్లు దాన్ని తిరిగి అతికించారు. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో రక్తనాళాలు కుడతారు.

కానీ వేళ మించకూడదు. మణికట్టుకు పైన తెగితే 6 గంటల లోపే రక్తం మళ్లీ పారాలి. వేలిలో కండ లేదు గనుక, చల్లగా ఉంచితే ఇంకొంత ఎక్కువసేపు ఆగుతుంది. బోధన్ నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. లెక్క మీరే వేసుకోండి.

ముందు మిషన్ బంద్ చేయండి. ఇరుక్కున్న చెయ్యిని గుంజొద్దు, బోల్టులు విప్పి రోలర్లు సడలించి తీయండి. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. పసుపు మన జిల్లాకు బంగారమే, అయినా గాయంలో పొయ్యకండి. కాఫీ పొడి, కిరోసిన్ కూడా వద్దు. తోలుకు వేలాడుతున్న వేలిని తెంపెయ్యకండి.

తెగిన భాగాన్ని మంచినీళ్లతో పైపైన కడిగి, తడిపి పిండిన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టండి. ఆ కవర్‌ను ఐసు, నీళ్లు కలిపిన మరో కవర్లో ఉంచాలి. ఐసు నేరుగా తగిలితే కండ చచ్చిపోతుంది. చెరకు రసం బండి దగ్గరైనా ఐసు దొరుకుతుంది. 108కి ఫోన్ చేసి, చెయ్యి అతికించే ప్లాస్టిక్ సర్జన్ ఎక్కడున్నారో అడిగి అక్కడికే పోండి.

క్రషర్‌లో నలిగిన చెయ్యి అతకడం కష్టం. అప్పుడు గజ్జల దగ్గరి చర్మాన్ని చేతికి కుట్టి, మూడు వారాల దాకా అలాగే ఉంచి, తర్వాత వేరు చేస్తారు. బొటనవేలు పోతే కాలి వేలు తెచ్చి పెడతారు. నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది. మణికట్టు నుంచి వేలి కొసకు స్పర్శ రావాలంటే ఆరు నెలలు. ఆ వ్యాయామాలు మధ్యలో మానొద్దు.

రైతు బీమా మరణానికే వర్తిస్తుంది, చెయ్యి పోతే రాదు. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్ష బీమాకు ఏడాదికి 20 రూపాయలు కడితే, ప్రమాదంలో ఒక చెయ్యి పూర్తిగా పోయినప్పుడు లక్ష రూపాయలు వస్తాయి. ఆరోగ్యశ్రీకి ఏం కాగితాలు కావాలో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఇక నూర్పిడి మిషన్ కొలత. పంట వేసే తొట్టి కనీసం 90 సెంటీమీటర్ల పొడవు, అందులో డ్రమ్ము వైపు 45 సెంటీమీటర్లు పైన మూసి ఉండాలి. అద్దెకు వచ్చిన మిషన్ అయినా సరే, నడిపించే ముందే టేపు పెట్టి కొలవండి. తక్కువుంటే వెల్డింగ్ షాపుకు పంపండి.