గోడమీది నిస్తంత్రి కేంద్రం

విజయవాడ నగరంలో బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు వెంట సాగితే పటమట వస్తుంది. దానిని ఆనుకొని ఉన్న ఆటోనగర్ వాహనాల మరమ్మతులకు, లారీల బాడీ నిర్మాణానికి ప్రసిద్ధి పొందింది. ఒకప్పుడు ఇక్కడి విడిభాగాల దుకాణానికి బిల్లు పుస్తకం, గల్లాపెట్టె, ఒక టెలిఫోను ఉంటే సరిపోయేది. నేడు సరకు నిల్వ లెక్క కంప్యూటరులో ఉంటుంది. పన్ను లెక్కలు అంతర్జాలం ద్వారా దాఖలవుతాయి. కొనుగోలుదారు చేతిఫోనుతో క్యూఆర్ కోడును చూపి సొమ్ము చెల్లిస్తాడు.

అటువంటి దుకాణమొకటి ఊహించుకోవచ్చు. ముందు గదిలో గల్లా, వెనుక రెండు గదుల్లో ఇనుప ర్యాకుల నిండా సరకు. గల్లా దగ్గర వైఫై చక్కగా పనిచేస్తుంది. వెనుక గదిలో అడుగుపెట్టగానే ఆగిపోతుంది. అక్కడ పనిచేసే కుర్రవాడు ప్రతి వస్తువు సంఖ్యను సరిచూసుకోవడానికి ముందు గదికి పరుగెత్తాలి. బయట మరమ్మతుకు వచ్చిన లారీ నిలిచి ఉంటుంది. ఆలస్యానికి మాట పడేది కుర్రవాడు. యజమాని విసుగెత్తి, ఉన్న పెట్టెను తీసి అంతకంటె ఖరీదైనది కొంటాడు. వెనుక గది పరిస్థితి మారదు. దోషం పెట్టెలో కాక, అది ఉన్న చోటులో ఉండడమే ఇందుకు కారణం.

తీగ లేకుండా సమాచారాన్ని చేరవేసే పద్ధతిని నిస్తంత్రి అంటారు. వైఫై ప్రమాణం తొలిసారి 1997లో వెలువడింది. మన దేశంలో 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు లైసెన్సు అవసరం లేకుండా చేసింది. 2016 ఏప్రిల్ నాటికి విజయవాడ రైల్వే స్టేషనులో ప్రయాణికులకు ఉచిత వైఫై అందింది. పెద్ద స్టేషనులోనైనా చిన్న దుకాణంలోనైనా, ఫోనుకూ తీగకూ నడుమ నిలిచే పరికరం ఒక్కటే. దానిని యాక్సెస్ పాయింట్ అంటారు.

చాలామంది దీనిని రౌటరుతో కలిపివేస్తారు. రెండింటి పనీ వేరు. కృష్ణా డెల్టాలో నీరు పారే తీరు తెలిసినవారికి ఈ భేదం సులభంగా బోధపడుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నిలిచిన నీరు ఏలూరు, బందరు, రైవిస్ కాలువలుగా చీలి, పిల్లకాలువల మీదుగా పొలానికి చేరుతుంది. అంతర్జాలాన్ని దుకాణంలోకి తీసుకొని, ఏ పరికరానికి ఏ చిరునామాయో నిర్ణయించి పంచేది రౌటరు. అది తలుపులున్న లాకు వంటిది. పంచిన దానిని గాలిలోకి వదలి ఫోనులకు అందించేది యాక్సెస్ పాయింట్. అది పొలం గట్టున ఉన్న తూము వంటిది. చిన్న ఇళ్లలో రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి కాబట్టి ఈ భేదం కనిపించదు. వ్యాపార స్థలంలో వాటిని వేరు చేస్తారు. లాకు ఒక్కటే, తూములు అవసరమైనన్ని.

స్థాన నిర్ణయమే అన్నిటికంటె ముఖ్యమైనది. జగదీశ్ చంద్ర బోస్ 1895లో కలకత్తా టౌన్ హాలులో విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి, అవతలి గదిలో గంట మోగించి చూపారు. తరంగాలు గోడలను దాటగలవు, నిజమే. అయితే దాటిన ప్రతిసారీ కొంత శక్తిని చెల్లించుకుంటాయి. ఇటుక గోడ కొంత శక్తిని హరిస్తుంది. ఇనుప చువ్వలున్న కాంక్రీటు అంతకంటె ఎక్కువ. ఇనుప ర్యాకు, రోలింగ్ షట్టరు తరంగాలను వెనుకకే తిప్పికొడతాయి. అడ్డు లేని చోట సైతం దూరం రెట్టింపైతే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. పై దుకాణంలో పెట్టె గల్లా బల్ల కింద, వెనుక గదికి వరుసగా మూడు ర్యాకుల చాటున ఉన్నదనుకుంటే, ఎంత ఖరీదైనదైనా అది చేయగలిగింది ఏమీ లేదు.

కనుక యాక్సెస్ పాయింట్‌ను ర్యాకుల పై అంచు కంటె ఎత్తున, రెండు గదులకూ నడుమ ద్వారం కనిపించే గోడకు బిగించడం ఉత్తమం. బిగించే ముందు దానిని తాత్కాలికంగా అక్కడే నిలిపి, ఫోనుతో గది గదికీ తిరిగి సంకేత బలాన్ని కొలవాలి. ఈ బలాన్ని డి.బి.ఎం. అనే ప్రమాణంలో ఋణసంఖ్యగా చూపే ఉచిత అప్లికేషనులు ఉన్నాయి. -67 ఉంటే మాట, చిత్రం రెండూ నిలకడగా సాగుతాయి. -80కి దిగితే తెగిపోతూ ఉంటుంది. సంఖ్యలో పది తేడా వస్తే శక్తిలో పదిరెట్ల తేడా వచ్చినట్లు. గోడకు రంధ్రం పొడిచిన తరువాత ఈ పరీక్ష చేసేవారే ఎక్కువ కావడం విచారకరం.

పైకప్పుకు బిగించడానికి తయారైన నమూనాలు వేరు, గోడకు తయారైనవి వేరు. మొదటి రకం తరంగాలను గొడుగు ఆకారంలో చుట్టూ కిందికి పరుస్తుంది. దానినే గోడకు తగిలిస్తే గొడుగును అడ్డంగా పట్టినట్లే. కొంత శక్తి పై అంతస్తుకు, కొంత నేలకు వృథా అవుతుంది. కొనేటప్పుడే ఈ సంగతి విచారించుకోవాలి.

బిగింపు పనిలో వివరించవలసింది తక్కువ. రసమట్టంతో గీత సరిచూసి, గోడలోపల కరెంటు తీగలు లేని చోట రంధ్రాలు చేసి, ప్లగ్గులు దిగగొట్టి, పట్టీని మరలతో బిగిస్తే పెట్టె దానిలో ఇమిడిపోతుంది. తీగ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. నెట్‌వర్కు తీగ ద్వారానే సమాచారంతోపాటు విద్యుత్తును పంపే పద్ధతికి 2003లో ప్రమాణం ఏర్పడింది. దానివల్ల గోడమీద వేరే ప్లగ్గు అక్కరలేదు. ఆ తొలి ప్రమాణం ప్రకారం ఒక్కొక్క తీగలో 15.4 వాట్లు పంపితే, చివర పరికరానికి 12.95 వాట్లు దక్కుతాయి. మిగిలింది దారిలో వేడిగా పోతుంది. కొత్త పరికరాలు కొన్ని ఇంతకంటె ఎక్కువ కోరుతాయి. పాత స్విచ్‌కు అటువంటిది తగిలిస్తే దీపం వెలుగుతుంది గాని పని సగమే జరుగుతుంది, లేదా పరికరం తరచు ఆగి మళ్లీ మొదలవుతుంది. తీగ పొడవు 100 మీటర్లకు మించరాదు. రాగికి బదులు రాగిపూత పూసిన అల్యూమినియం తీగ చవకగా దొరుకుతుంది. విద్యుత్తు కూడా మోయవలసిన చోట దానిని వాడరాదు.

ఇక పరిష్కార పద్ధతి. చివరి మడికి నీరు రాకపోతే రైతు మడిలో నిలబడి చింతించడు. గట్టు వెంట ఎగువకు నడుస్తూ, నీరు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూస్తాడు. నిస్తంత్రి దోషాన్నీ అలాగే వెదకాలి. మొదట పెట్టెమీది దీపం చూడాలి. అది వెలగకపోతే దోషం విద్యుత్తులోనో తీగలోనో ఉంది. అదే తీగను వేరే పరికరానికి తగిలించి చూస్తే తేలుతుంది. దీపం వెలిగి, ఫోనుకు నెట్‌వర్కు పేరు కనిపించి, కలిసినా అంతర్జాలం రాకపోతే ఫోనుకు అందిన చిరునామాను చూడాలి. అది 169.254తో మొదలైతే రౌటరు నుంచి చిరునామా రాలేదని అర్థం. పరికరం తనకు తానే ఒకటి పెట్టుకున్నది. చిరునామా సరిగా ఉంటే రౌటరు పలుకుతున్నదా అని పరీక్షించాలి. రౌటరు పలికి, బయటి లోకం పలకకపోతే లోపం సేవాసంస్థ తీగలో ఉండవచ్చు. ఫిర్యాదు చేయవలసింది అప్పుడే.

పటమట వంటి ఇరుకు బజారులో తరచు కనిపించే చిక్కు ఒకటుంది. పాత రౌటరును పారవేయలేక దానినే రెండవ తూముగా వాడతారు. దాని అమరికలో రౌటరు పనిని నిలిపివేయడం మరచిపోతే ఒకే దుకాణంలో ఇద్దరు లాకు అధికారులు వెలసినట్లవుతుంది. ఇద్దరూ చిరునామాలు పంచుతారు. ఉదయం పనిచేసిన బిల్లు యంత్రం మధ్యాహ్నం ముద్రణ ఆపివేస్తుంది. ఎవరికీ కారణం తోచదు. పాత పెట్టెలో చిరునామా పంపిణీని ఆపి, దానికి వేరొక స్థిర చిరునామా ఇస్తే ఈ బాధ తీరుతుంది.

ఇరుగు పొరుగు దుకాణాల సంకేతాలు మరొక బెడద. 2.4 పట్టీలో ఒకదానిపై ఒకటి పడని మార్గాలు 1, 6, 11 మాత్రమే. అందరూ ఆరవ మార్గంలోనే ఉంటే వంతులవారీగా మాట్లాడుకోవలసి వస్తుంది. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో మార్గాలు ఎక్కువ, వేగం ఎక్కువ. గోడ దాటే శక్తి తక్కువ. మన దేశంలో 2018లో ఈ పట్టీ మరింత విస్తృతంగా లైసెన్సు లేకుండా అందుబాటులోకి వచ్చింది. ముందు గదికి 5, దూరపు గదికి 2.4 అనే ఏర్పాటు చాలాచోట్ల సరిపోతుంది.

సంకేతపదాన్ని చిన్నచూపు చూడరాదు. 2008 జూలైలో అహ్మదాబాదు పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వెలువడిన బెదిరింపు లేఖ, నవీ ముంబయిలో ఒక ఇంటి వైఫై ద్వారా వెళ్లినట్లు దర్యాప్తులో తేలింది. ఆ సంబంధానికి తగిన రక్షణ లేదు. ఇంటివారు పోలీసుల ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. పెట్టెతో వచ్చిన సంకేతపదాన్ని మొదటిరోజే మార్చి, కొనుగోలుదారులకు వేరొక నెట్‌వర్కు పేరు ఇచ్చి, బిల్లుల కంప్యూటరును దానికి అందకుండా ఉంచాలి.

చివరగా ఎండ సంగతి. భవనం లోపల వాడే యాక్సెస్ పాయింట్లు సాధారణంగా 40 డిగ్రీల వరకు పనిచేసేలా తయారవుతాయి. మే నెలలో విజయవాడ ఎండ అంతకు మించుతుంది. రేకుల కప్పు కింద వేడి ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం రెండింటికి ఆగి, సాయంత్రం తనంతట తానే బాగుపడే పెట్టెను మరమ్మతుకు పంపనక్కరలేదు. పడమటి గోడ మీది నుంచి తీసి నీడ గోడకు మార్చి, రెండు మూడు రోజులు గమనిస్తే చాలు.