ట్రయల్‌లో చేరమంటే భయపడాలా?

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో క్యాన్సర్ అన్న మాట వినపడితే చాలామంది చెన్నై బస్సో రైలో ఎక్కుతారు. అక్కడ పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక డాక్టరు, "మీకు సరిపడే క్లినికల్ ట్రయల్ ఒకటి ఉంది, చేరతారా?" అని అడిగితే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. "మా నాన్న మీద ప్రయోగం చేస్తారా?" అన్నదే మొదట వచ్చే ప్రశ్న. ఆ భయం సహజం. దాన్ని తీసిపారేయకుండా, అసలు ట్రయల్ అంటే ఏమిటో, దానివల్ల ఈ జబ్బు వైద్యం ఎలా మారిందో తెలుసుకుందాం.

చెన్నైకి ఈ జబ్బుతో పాత బాధాకరమైన సంబంధమే ఉంది. మద్రాసు వైద్యురాలు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చెల్లెలు 1920ల మొదట్లో మలాశయ క్యాన్సర్‌తో చనిపోయారు. మొదట దాన్ని జిగట విరేచనాలనుకుని వైద్యం చేశారు. ఆ దుఃఖంలోంచి పుట్టిన పట్టుదలతోనే ముత్తులక్ష్మి రెడ్డి 1954లో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను 12 పడకలతో ప్రారంభించారు. జబ్బును పోల్చుకోవడంలో అలాంటి పొరపాటు ఇప్పటికీ జరుగుతోంది. మలంలో రక్తం పడితే మొలలనుకుని నెలల తరబడి నాటుమందు వాడేవాళ్లు ఎందరో. రక్తం పడటం, మలవిసర్జన అలవాటు వారాల తరబడి మారిపోవడం, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం కనిపిస్తే కొలనోస్కోపీ గురించి డాక్టరును అడగాలి.

ఇక మందుల సంగతి. మన భీమవరంలో పుట్టి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1940ల్లో అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆ ఫోలిక్ ఆమ్లం కుటుంబానికే చెందిన ల్యూకోవొరిన్‌ను ఇవాళ పెద్దపేగు క్యాన్సర్ కీమోలో 5-ఎఫ్‌యూ అనే మందుతో కలిపి ఎక్కిస్తారు. ఇది 5-ఎఫ్‌యూ బలాన్ని పెంచుతుంది. ఈ రెండింటికీ ఆక్సాలిప్లాటిన్ తోడైతే మేలని ఎలా తెలిసింది? 2004లో వెలువడిన మొజాయిక్ అనే ట్రయల్ వల్ల. అందులో 2,246 మంది రోగులు చేరారు. మూడేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు పాత పద్ధతిలో నూటికి 73 మంది అయితే, కొత్త మందు కలిపినవాళ్లలో 78 మంది.

అయితే ఆక్సాలిప్లాటిన్ చేతులు, కాళ్లకు తిమ్మిర్లు తెస్తుంది. కొందరికి అవి ఏళ్ల తరబడి పోవు. ఆరు నెలలకు బదులు మూడు నెలలిస్తే చాలదా అన్న ప్రశ్న వచ్చింది. ఆరు ట్రయళ్లలోని 12,834 మంది వివరాలను కలిపి చూసిన ఐడియా అధ్యయనం 2018లో దానికి జవాబు చెప్పింది. జబ్బు లింఫ్ గ్రంథులకు కొద్దిగా మాత్రమే పాకినవాళ్లలో, 5-ఎఫ్‌యూకు బదులు కేపసైటబిన్ మాత్రలతో కలిపి ఆక్సాలిప్లాటిన్ ఇస్తే మూడు నెలలకూ ఆరు నెలలకూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇబ్బంది పెట్టే స్థాయి తిమ్మిర్లు మాత్రం దాదాపు మూడో వంతుకు తగ్గాయి. అంటే ట్రయల్ కొత్త మందును తేవడమే కాదు, అక్కర్లేని మందును మాన్పిస్తుంది కూడా.

ఆస్పిరిన్ కథ ఇంకా ఆసక్తికరం. సింగపూర్ ముందుండి నడిపిన ఆస్కోల్ట్ ట్రయల్‌లో భారతదేశంతో సహా అనేక దేశాల రోగులు 1,500 మందికి పైగా చేరారు. అందరికీ ఆస్పిరిన్ ఇస్తే స్పష్టమైన లాభం కనిపించలేదు. కానీ 2025లో వెలువడిన స్కాండినేవియా ట్రయల్, గడ్డలో పీఐ3కే అనే జన్యు మార్గంలో మార్పులున్న రోగులనే ఎంచుకుంది. వాళ్లలో జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. ఒకే మందు, ఒకే జబ్బు. ఎవరికి పనిచేస్తుందో తేల్చింది జన్యు పరీక్ష. అలాగని ఎవరికి వారు ఆస్పిరిన్ మింగకూడదు. కడుపులో రక్తస్రావం కావచ్చు.

ట్రయల్ మెట్లు మెట్లుగా సాగుతుంది. మొదటి దశలో కొద్దిమందిలో మోతాదు ఎంత వరకు క్షేమమో చూస్తారు. రెండో దశలో జబ్బు మీద మందు ప్రభావం చూస్తారు. మూడో దశలో వందల, వేలమందిని రెండు జట్లు చేసి ఇప్పటి వైద్యంతో కొత్తదాన్ని పోలుస్తారు. ఎవరు ఏ జట్టులో పడతారన్నది కంప్యూటర్ చీటీ తీసినట్టు నిర్ణయిస్తుంది. డాక్టరుకు కూడా అందులో చేయి ఉండదు. లేకపోతే ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరినీ కొత్త మందు జట్టులోకి పంపే పొరపాటు జరుగుతుంది. "ఉత్తి మాత్ర ఇచ్చి చావుకు వదిలేస్తారేమో" అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. నిరూపితమైన వైద్యం ఉన్నచోట దాన్ని ఆపరు. ఉత్తి మాత్ర ఇచ్చినా దానికి తోడుగానే ఇస్తారు.

మన దేశంలో 2019 నాటి నిబంధనలు రోగికి గట్టి హక్కులిచ్చాయి. ట్రయల్‌ను ఎథిక్స్ కమిటీ ముందుగా ఆమోదించాలి. సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఆ వివరాలు ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడవచ్చు. అంగీకార పత్రం మీకు తెలిసిన భాషలో ఉండాలి. చెన్నైలో తమిళం రాకపోతే తెలుగు పత్రం అడగండి, సిగ్గుపడకండి. చదవడం రానివాళ్లకు సాక్షి ఎదుట వివరించాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం అందాలి. ఎప్పుడైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు.

సంతకానికి ముందు ఇవి అడగండి: ఇది ఏ దశ? నేను చేరకపోతే నాకిచ్చే వైద్యం ఏది? తెలిసిన దుష్ప్రభావాలేమిటి? ఎన్నిసార్లు చెన్నై రావాలి, ప్రయాణ ఖర్చు ఎవరిది? కాగితాలు ఇంటికి తెచ్చుకుని నలుగురితో మాట్లాడటానికి టైము అడగండి. "కొత్త వైద్యం" అంటూ లక్షలు కట్టమని తొందరపెట్టి, సీటీఆర్ఐ నంబరు అడిగితే మాట దాటేసేవాళ్లకు మాత్రం దూరంగా ఉండండి.

అన్నీ తెలుసుకున్నాక వద్దనుకుంటే ఏ తప్పూ లేదు. చేరితే, రేపు ఇదే జబ్బుతో వచ్చే ఇంకొకరికి ఎంత మందు చాలో, ఏది వద్దో తేల్చే లెక్కలో మీరూ ఉంటారు. ఏ నిర్ణయమైనా భయంతో కాకుండా తెలిసి తీసుకోండి.