ప్రభువు బల్ల మందుబిళ్ల కాదు

భాషలలో మాట్లాడటం, ప్రవచనం, స్వస్థత వంటి ఆత్మవరాలు నేటికీ కొనసాగుతున్నాయని నమ్మే పెంతెకొస్తు, కరిస్మాటిక్ సంఘాలలో, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభురాత్రి భోజనాన్ని వాడుకలో ‘బల్ల’ అంటారు. ఈ బల్ల చుట్టూ అల్లుకున్న అపోహలు చాలానే ఉన్నా, వాటిలో ఎక్కువ భాగం మనసుకు చిక్కులు తెచ్చేవే తప్ప ప్రాణం మీదికి తెచ్చేవి కావు. ‘విశ్వాసంతో బల్ల తీసుకున్నవారికి ఇక మందులతో పనిలేదు’ అనే ప్రచారం మాత్రం ఆ కోవలోకి రాదు.

అపోహ: బల్ల తీసుకుంటే మందులు మానేయవచ్చు.

వాస్తవం: ఈ వాదానికి ఆధారంగా చూపేది మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయం. బల్లను అయోగ్యంగా పుచ్చుకున్నందువల్ల కొరింథు సంఘంలో అనేకులు రోగులయ్యారని, చాలామంది మరణించారని అపొస్తలుడు పౌలు అక్కడ రాశాడు. అయోగ్యంగా తింటే రోగం వచ్చినప్పుడు యోగ్యంగా తింటే రోగం పోవాలి గదా అని ప్రచారకులు దానిని తిరగేసి లెక్క కడతారు. కుళ్లిన కూర తింటే జబ్బు చేస్తుంది గనుక తాజా కూర తింటే క్షయ నయమవుతుందనడం కూడా ఈ కోవ తర్కమే.

అదే అధ్యాయాన్ని 17వ వచనం నుంచి చదివే ఓపిక ఉంటే పౌలు కోపానికి కారణం తెలుస్తుంది. మొదటి శతాబ్దపు కొరింథులో బల్ల అంటే రొట్టెముక్క, చిన్న గిన్నె మాత్రమే కాదు, విశ్వాసులు కలిసి తినే పూర్తి భోజనం; అందులో కలిగినవారు ముందే తిని తాగి మత్తెక్కి ఉంటే, లేనివారు ఆకలితో మిగిలిపోయేవారు. తెలుగు బైబిలులో ‘అయోగ్యముగా’ అని కనిపించే మాటకు మూలమైన ‘అనక్సియోస్’ అనే గ్రీకు పదం క్రియావిశేషణం, అంటే అది తినేవారి అర్హతను గాక తినే తీరును తెలిపేది. అందుకే పౌలు చెప్పిన పరిష్కారం కూడా ఒకరికోసం ఒకరు ఆగమనడమే. ఆ భాగమంతా వెదికినా బల్లవల్ల రోగం పోతుందన్న వాగ్దానం ఒక్కటీ దొరకదు. అదే పౌలు పేర ఉన్న పత్రికలలో శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షరసం వాడుకోమన్న గృహవైద్యమే కనిపిస్తుంది, సహచరుడు త్రోఫిము మిలేతులో రోగిగానే ఉండిపోతాడు, లూకా అనే వైద్యుడు ఆప్తుడిగా పేరు పొందుతాడు. బల్ల మహిమ నేటి ప్రసంగీకులకు తెలిసినంతగా పౌలుకు తెలియదని అనుకోవలసిందే!

ఈ ప్రచారంలోని కీడు అంతటితో ఆగదు. రోగం తగ్గితే అది బల్ల మహిమ, తగ్గకపోతే రోగి అవిశ్వాసం. ఏ ఫలితం వచ్చినా బోధకుడు మాత్రం తప్పడు. టైప్ 1 మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ ఆపితే కొద్దిరోజులలోనే రక్తం ఆమ్లమయమై ప్రాణాపాయం ఏర్పడుతుంది, మూర్ఛ మందులు హఠాత్తుగా ఆపితే ఆగని ఫిట్స్ రావచ్చు, క్షయ మందులు సగంలో వదిలితే మందులకు లొంగని క్రిములు తయారై అదే బల్ల దగ్గర పక్కన కూర్చున్న సహోదరునికి సోకవచ్చు. లక్షణం తగ్గడం, రోగం పోవడం ఒకటి కావు. రక్తపోటు చాలాసార్లు ఏ లక్షణమూ చూపకుండానే పెరుగుతుంది గనుక ‘ఒంట్లో తేలికగా ఉంది’ అన్న సాక్ష్యం వైద్య నివేదికకు సాటిరాదు.

అపోహ: బల్లకూ స్వస్థతకూ అసలు సంబంధమే లేదు.

వాస్తవం: ఎదుటి పక్షం కూడా తొందరపడనక్కరలేదు. రెండవ శతాబ్దారంభంలో అంతియొకయ బిషప్పు ఇగ్నాతియసు ఈ రొట్టెను అమరత్వపు ఔషధంగా వర్ణించాడు. అదే శతాబ్దం మధ్యలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత, ఆరాధనకు రాలేనివారికి పరిచారకులు బల్లను ఇళ్లకు తీసుకువెళ్లేవారని రాశాడు. 1906లో లాస్ ఏంజిల్స్‌లోని అజూసా వీధిలో మొదలైన పెంతెకొస్తు ఉజ్జీవపు తరం వెలువరించిన పత్రికలలోనూ బల్ల దగ్గర స్వస్థత పొందామనే సాక్ష్యాలున్నాయి. కాబట్టి రోగి మంచం పక్కన రొట్టె విరవడం కొత్త పోకడ కాదని ఒప్పుకోక తప్పదు. అయితే ఇగ్నాతియసు మాట్లాడింది మరణానంతర నిత్యజీవం గురించి, చక్కెర మోతాదు గురించి కాదు.

మిగిలిన అపోహలకు తలా ఒక వాక్యం చాలు. నెలసరిలో ఉన్న స్త్రీ బల్లకు దూరంగా ఉండాలనే నియమం కొత్త నిబంధనలో లేదు. రొట్టె తునక కిందపడితే శాపం తగులుతుందన్నది భయమే గాని బోధ కాదు. పులియని ద్రాక్షరసం వాడితే బల్ల చెల్లదంటే, 1869లో థామస్ వెల్చ్ అనే అమెరికా దంతవైద్యుడు రసాన్ని వేడిచేసి పులియకుండా నిల్వ చేసింది బల్ల కోసమేనని గుర్తుచేయాలి.

కాబట్టి బల్ల ఇచ్చే ప్రతి సంఘకాపరి, వైద్యుడు చెప్పనిదే ఏ మందూ ఆపవద్దని రొట్టె విరిచే ముందే ప్రకటించడం మంచిది. మధుమేహులకు తీపి రసం ఒక గుక్క చాలు, దగ్గుతున్నవారికి విడి గిన్నె ఇవ్వాలి, తాగుడు మానినవారి ముందు పులిసిన రసం పెట్టకూడదు. క్యాన్సర్, మధుమేహం, మూర్ఛ వంటి రోగాలను తాయెత్తులు, మంత్రాలు నయం చేస్తాయనే ప్రకటనలను 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించిందన్న సంగతిని స్వస్థత కూటాల కరపత్రాలు అచ్చువేయించేవారు మరవకూడదు. ఒకరికోసం ఒకరు ఆగమన్న పౌలు మాటను నేటి సంఘం పాటించదలచుకుంటే, క్షయ రోగి చేత సాక్ష్యం చెప్పించే ముందు అతని మందుల కోర్సు పూర్తయ్యేదాకా, కళ్లె పరీక్ష ఫలితం చేతికొచ్చేదాకా ఆగాలి.