వైరస్ పోయింది... కంప్యూటర్ మాత్రం ఆగిపోతూనే ఉంది!

"వదినగారూ! పెట్టె మళ్ళీ చచ్చిపోయింది. ఒక్కసారి రండీ" అని ఎదురింటావిడ గుమ్మంలోంచి కేకేసేసరికి నేను పెసరట్ల పిండి రుబ్బుకుంటున్నాను. 2025 మే నెల. మా బెజవాడ ఎండల సంగతి మీకు వేరే చెప్పాలా! పిండి మీద మూత పెట్టి, చెయ్యి కడుక్కుని వెళ్ళాను.

మేమిద్దరం చుట్టాలం కాదు. పన్నెండేళ్ళుగా ఎదురెదురు ఇళ్ళలో ఉంటున్నాం, ఒకరినొకరు వదినగారనే పిలుచుకుంటాం. వాళ్ళాయన నాలుగేళ్ళ కిందట పోయారు. అప్పట్నించీ ఆవిడ ఊరగాయలు పట్టి అమ్ముతూ సంసారం నెట్టుకొస్తోంది. ఎవరికి ఎన్ని కిలోల ఆవకాయ, ఎవరు అడ్వాన్సు ఇచ్చారు, ఎవరి పార్సిలు హైదరాబాదు వెళ్ళాలి, ఎవరిది బెంగుళూరు వెళ్ళాలి - అన్నీ ఆ కంప్యూటర్లోనే. అది ఆయన 2016లో కొన్నది. ఆవకాయ రోజుల్లో అది ఆగిపోవడమంటే కొట్టుకి తాళం పడ్డట్టే.

నాకు కంప్యూటర్ ఏం తెలుసని అడుగుతారేమో. ఇంటర్ పాసయ్యాక, 1998లో, సంబంధాలు చూస్తున్న రోజుల్లో, ఊరికే కూర్చోవడం ఎందుకని మా నాన్న నన్ను వీధి చివరి కంప్యూటర్ సెంటర్లో చేర్పించారు. మరుసటి ఏడాది, 1999 ఏప్రిల్ 26న, మా సారు ఎవ్వర్నీ మిషన్లు ఆన్ చేయనివ్వలేదు. ఆ రోజు చెర్నోబిల్ వైరస్ నిద్ర లేస్తుందని భయం. నిజంగానే ఆ రోజు చాలా దేశాల్లో లక్షల కంప్యూటర్లు మూలన పడ్డాయి. అప్పట్నించీ వైరస్ అంటే నాకు కొంచెం భయమూ, కొంచెం పట్టుదలా! పైగా మా అబ్బాయి హైదరాబాదులో అదే ఉద్యోగం చేస్తున్నాడు. ఫోన్లో విసుక్కుంటూనే చెప్తాడు.

నేను వెళ్ళేసరికి స్క్రీను నిండా ఎర్ర బోర్డు, అంబులెన్సు మోతలాంటి చప్పుడు. "మీ కంప్యూటర్ లాక్ అయింది, వెంటనే ఈ నెంబరుకి ఫోన్ చెయ్యండి" అని ఇంగ్లీషులో. వదినగారు అప్పటికే ఫోను తీసి ఆరంకెలు నొక్కేసింది! లాక్కున్నంత పని చేశాను.

ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ వాళ్ళు చూపించే హెచ్చరికల్లో ఫోను నెంబరు ఎప్పుడూ ఉండదు. నెంబరు కనబడిందంటే అది మోసమే. ఫోన్ చేస్తే తియ్యగా మాట్లాడి, ఏదో ఒక సాఫ్ట్‌వేర్ వేయించి, మన మిషన్ని వాళ్ళ చేతుల్లోకి తీసుకుంటారు. తర్వాత బాగుచేసినందుకు ఫీజంటారు, బ్యాంకు పేజీ తెరవమంటారు. అలా ఎవరి డబ్బయినా పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చెప్తే, ఆ డబ్బు మధ్యలోనే ఆపడానికి అంత వీలు. ఇంతకీ ఆ బోర్డు పోవాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కి, వచ్చిన పట్టీలో బ్రౌజర్ పేరు ఎంచుకుని 'ఎండ్ టాస్క్' అంటే చాలు. మోత ఆగిపోయింది.

"ఏం చేశారు వదినగారూ?" అంటే, సీసాల మీద లేబుళ్ళు అచ్చు వేసుకోవడానికి ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం వెతికిందట. పెద్ద ఆకుపచ్చ బటన్ కనబడితే నొక్కిందట. లేబుళ్ళు రాలేదు గానీ బ్రౌజర్ మొదటి పేజీ మారిపోయింది, మూలన ప్రకటనలు మొదలయ్యాయి, పావుగంటకోసారి మిషన్ ఆగిపోతోంది. బజార్లో రిపేరు కుర్రాడు చూసి, "ఫార్మాట్ కొట్టాలండీ, 1,800 అవుతుంది, లోపలున్నవాటికి గ్యారంటీ లేదు" అన్నాడట.

ఫార్మాట్ అంటే ఇల్లు ఖాళీ చేసి కడిగెయ్యడం. కడిగేముందు సామాను బయట పెట్టుకోవాలి కదా! అక్కడే నేనూ తప్పు చేశాను. ఉత్సాహం ఆపుకోలేక, ముందు వైరస్ సంగతి తేలుద్దామని స్కాన్ మొదలుపెట్టాను. సగంలో ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే విండోస్ రాలేదు. నల్ల తెర, గుండ్రంగా తిరిగే చుక్కలు. పది నిమిషాలు, ఇరవై, నలభై.

వదినగారు నన్నేమీ అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆవకాయ లెక్కలు పోతే పోనివ్వండి, నోటికి వచ్చినవి రాసుకుంటాను. ఆయన ఫోటోలు ఇందులోనే ఉన్నాయి. అన్నవరంలో తీసుకున్నవి, చివరివి" అంది. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. ఫోటోల సంగతి నాకు ముందు తెలియదు. అడగనూ లేదు.

మా వాడికి ఫోన్ చేశాను. "అమ్మా, ముందు కాపీ తీయాలని నీకెన్నిసార్లు చెప్పాను!" అని నాలుగు తగిలించి, అప్పుడు దారి చెప్పాడు. మొదలవుతుండగా పవర్ బటన్ గట్టిగా పట్టుకుని ఆపెయ్యాలి. అలా వరసగా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ తనంతట తనే రిపేరు పేజీ చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్. ఇందులో అత్యవసరమైనవి తప్ప ఇంకేవీ నడవవు. జ్వరం మనిషికి జావ పోసినట్టన్నమాట! వదినగారి కంప్యూటర్ ఆ జావ తాగి లేచి కూర్చుంది. ఇంటర్నెట్ వైరు పీకేసి, ఫోటోలు, ఎక్సెల్ లెక్కలు పెన్ డ్రైవులోకి ఎక్కించాం. ఫోటోలూ లెక్కలూ మాత్రమే, ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించకూడదు. రోగం వాటితోనే వచ్చే ప్రమాదం ఉంది. 1,140 ఫోటోలు. చివరి ఫోటో ఎక్కేదాకా ఇద్దరం మంచినీళ్ళు కూడా తాగలేదంటే నమ్మండి.

ఇక శుభ్రం చేయడం. వైరస్‌కీ స్పైవేర్‌కీ తేడా చెప్తాను. వైరస్ పాలలో తోడు వేసినట్టు, ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకి పాకుతుంది. స్పైవేర్ గోడకి చెవి ఆనించి వినే రకం. మనం ఏం చూస్తున్నాం, ఏ పాస్‌వర్డు కొడుతున్నాం అని చప్పుడు చేయకుండా కనిపెట్టి బయటికి చేరవేస్తుంది.

కంట్రోల్ పానెల్లో ప్రోగ్రాముల పట్టీ తెరిచి తేదీల వారీగా పేర్చాం. లేబుళ్ళ రోజున లేబుళ్ళతో పాటు ఇంకో నాలుగు చేరి కూర్చున్నాయి, ఒకదాని పేరు వాతావరణం, ఒకదాని పేరు డ్రైవర్ డాక్టర్! అన్నీ తీసేశాం. బ్రౌజర్లో తెలియని ఎక్స్‌టెన్షన్లు తీసేసి, నోటిఫికేషన్ల అనుమతులన్నీ రద్దు చేశాం. మూలన వచ్చే ప్రకటనల్లో చాలా వరకు, ఎప్పుడో మనం చూసుకోకుండా 'అలో' నొక్కిన పాపమే. ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ త్రెట్ ప్రొటెక్షన్, అందులో స్కాన్ ఆప్షన్స్, అందులో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్. ఇది విండోస్ లేవకముందే వెతుకుతుంది కాబట్టి, దాక్కునేవాటికి దాక్కునే సమయం ఉండదు. డబ్బు కట్టక్కర్లేదు. మూడు దొరికాయి, మూడూ తీసేసింది.

రాత్రి ఎనిమిదయింది. వదినగారు కొత్తావకాయ వేసి అన్నం కలిపి పెట్టింది. గెలిచామనుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు పదకొండింటికి మళ్ళీ కేక. "వదినగారూ, ఆగిపోయింది! వైరస్ ఇంకా ఉన్నట్టుంది!"

నేనూ అదే అనుకున్నాను. మళ్ళీ స్కాన్ చేశాను, ఏమీ లేదు. మా వాడిని అడిగితే వాడు చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. "అమ్మా, చెదలు పట్టిన తలుపుకి మందు కొడితే చెద చస్తుంది. తినేసిన చెక్క తిరిగొస్తుందా? అసలు ఎప్పుడెప్పుడు ఆగుతోందో, ఎలా ఆగుతోందో రాసి పెట్టండి" అన్నాడు.

వదినగారు గోడ మీద కేలండర్లో పాల లెక్క పక్కనే రాయడం మొదలుపెట్టింది. మూడు రోజులు రాసింది. చూస్తే చావులు రెండు రకాలు! ఒకటి, నీలం తెర వచ్చి, ఏడుపు మొహం బొమ్మతో ఏదో చెప్పి ఆగడం. ఇది ఎప్పుడు పడితే అప్పుడు వస్తోంది. రెండోది, కరెంటు పోయినట్టు టక్కున ఆగడం. ఇది మిట్టమధ్యాహ్నమే. పొద్దున్న ఆరింటికి పెడితే రెండు గంటలైనా ఆగడం లేదు. నా మట్టుకు నాకు ఆ కేలండర్ ముందు పెద్ద పరీక్షలు కూడా దిగదుడుపే అనిపించింది.

నీలం తెర సంగతి ముందు చూశాం. కంప్యూటర్‌తో పాటు వచ్చి గడువు తీరిపోయిన యాంటీవైరస్ ఒకటి, ఎవరో వేసిచ్చిన ఉచితపు యాంటీవైరస్ ఇంకోటి, రెండూ ఉన్నాయి. ఒకే గుమ్మానికి ఇద్దరు కాపలావాళ్ళుంటే దొంగని వదిలి ఒకరినొకరు పట్టుకుంటారు! రెండూ తీసేశాం. మామూలుగా తీస్తే ముక్కలు మిగిలిపోతాయట, అందుకని ఆ కంపెనీలే ఇచ్చే తొలగింపు పనిముట్లు వాడాం. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఒక్కటే ఉంచాం. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్.ఎఫ్.సి. అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి స్కాన్‌నౌ అని కొట్టాం. చెద తిన్న చెక్క మార్చే పని ఇదే. విండోస్ సొంత ఫైళ్ళలో పాడైనవి వెతికి మంచివి పెడుతుంది. అరగంట తర్వాత, పాడైనవి దొరికాయి, బాగుచేశాను అంది. నీలం తెర ఆ తర్వాత కనబడలేదు.

ఇక మధ్యాహ్నపు చావు. వేడికి ప్రాసెసర్ మాడిపోకుండా తనని తానే ఆపేసుకుంటుందట. అంటే గాలి ఆడడం లేదన్నమాట. వైర్లన్నీ తీసేసి, పవర్ బటన్ కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని లోపల మిగిలిన కరెంటు పోనిచ్చి, ఇనుప కిటికీ ఊచ ఒకసారి ముట్టుకుని, పక్క రేకు విప్పాను. అమ్మో! నాకూ వదినగారికీ ఒకేసారి తుమ్ములు. ఇంకెన్ని తుమ్ములో!

కంప్యూటర్ పెట్టింది వరండాలో. ఆవిడ కారం జల్లించేదీ, ఆవపిండి కొట్టేదీ ఆ వరండాలోనే! నాలుగేళ్ళ కారం, ఆవపిండి, నూనె జిడ్డుకి దుమ్ము కలిసి ఫ్యాను రెక్కల మీద ఎర్రటి దుప్పటిలా పేరుకుంది. ఫ్యాను తిరగాలని చూసి చూసి ఆగిపోతోంది పాపం. "నా ఆవకాయే దీన్ని చంపుతోందన్నమాట" అని వదినగారు నవ్వాలో ఏడవాలో తెలియకుండా నిలబడింది.

మెత్తటి పెయింటు బ్రష్షుతో దులిపాం. తడిగుడ్డ పనికిరాదు. వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు, దాని నుంచి పుట్టే చిన్న విద్యుత్తుకే లోపలి భాగాలు పోవచ్చు. ఫ్యాన్ని వేలితో కదలకుండా పట్టుకుని దులపాలి. ప్రాసెసర్ మీద ఉండే వేడి లాగే పేస్టు ఎండి పెళుసైపోయింది. అక్కడ మాత్రం నాకు ధైర్యం చాలలేదు. ఆ రిపేరు కుర్రాడినే ఇంటికి పిలిచి, మా ఎదురుగా కొత్త పేస్టు వేయించాం, 300 తీసుకున్నాడు. మెమరీ పలకల అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించాడు. "ఫార్మాట్ లేకుండానే అయిపోయిందే!" అని తనే ఆశ్చర్యపోయాడు. నేనేం అనలేదు లెండి.

ఆ సాయంత్రం ఇంకో పని. స్పైవేర్ ఉన్న మిషన్లో ఎన్ని పాస్‌వర్డులు కొట్టిందో లెక్క లేదు కదా. నా ఫోనులోంచి ఆవిడ బ్యాంకుదీ, ఈ-మెయిల్‌దీ మార్పించాను. పాస్‌బుక్కు తీసుకుని మూడు నెలల జమాఖర్చు వరస వరసనా చూశాం. దేవుడి దయ, రూపాయి పోలేదు. ఒక పాత బాకీ మాత్రం బయటపడింది. ఒకాయన రెండు కిలోల గోంగూరకి డబ్బే ఇవ్వలేదు!

ఆ వేసవి మొత్తం కంప్యూటర్ ఆగలేదు. కాకపోతే 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు భద్రతా సర్దుబాట్లు ఆగిపోయాయి. విండోస్ 11 అంత పాత మిషన్ మీద ఎక్కదు. నమోదు చేసుకున్నవాళ్ళకి 2026 అక్టోబరు 13 దాకా గడువు ఇచ్చారు కాబట్టి నమోదు చేయించాను. ఈలోగా కొత్తదానికి చీటీ వేస్తానంటోంది.

కంప్యూటర్ ఇప్పుడు పడకగదిలో ఉంది. వరండాలో ఖాళీ అయిన బల్ల మీద జాడీలు ఎక్కాయి. ఫోటోలు రెండు డ్రైవుల్లో ఉన్నాయి. ఒకటి ఆవిడ బీరువాలో, పెళ్ళి పట్టుచీర మడతలో. రెండోది మా ఇంట్లో, నా పోపుల డబ్బా పక్కన పెట్టబోతుంటే వదినగారు పరుగున వచ్చి లాక్కుంది.

"అక్కడొద్దు వదినగారూ! కారం!"