అమ్మకు కన్నడ నేర్పిన టీవీ.. నాకు స్పానిష్ నేర్పుతోంది!

న్యాల్‌కల్‌లో ఒక్క భాషతో పొద్దు గడవదు. ఇంట్లో తెలుగు, దుకాణం దగ్గర ఉర్దూ, బీదర్ బస్సెక్కితే కన్నడ, పెళ్లిళ్లకు వచ్చే చుట్టాల్లో మరాఠీ. ఒక్క వాక్యంలోనే రెండు మూడు భాషలు కలిసిపోతాయి. హైదరాబాద్ పోయి నోరు విప్పితే ‘మీది ఏ ఊరు?’ అని అడుగుతారు. కొందరైతే నవ్వుతారు కూడా.

దీని వెనక ఓ చరిత్ర ఉంది. 1956 దాకా మా న్యాల్‌కల్ బీదర్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్విభజన చట్టంలో ‘బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్’ అని పేరు పెట్టి మరీ రాసి, ఆ ఏడాది నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. తర్వాత మెదక్ జిల్లా అయ్యాం. 2016లో సంగారెడ్డి జిల్లా అయ్యాం. మ్యాప్ మీద గీత మారింది కానీ నోట్లో మాట మారలేదు.

అలాంటి ఊళ్లో ఉండి నేను తొమ్మిది నెలలుగా ఇంకో భాష వెంట పడ్డాను. అది స్పానిష్! టీచర్ లేరు, క్లాసు లేదు. ఉన్నదల్లా ఒక ఫోన్, రోజుకు ఇంత అని వచ్చే డేటా, బోలెడన్ని స్పానిష్ సీరియళ్లు.

స్పానిషే ఎందుకంటే..

స్పానిష్ దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష. స్పెయిన్, మెక్సికో, కొలంబియా, అర్జెంటీనా, పెరూ.. ఇలా 20 దేశాల్లో అధికారికంగా నడిచే భాష. హైదరాబాద్‌లో విదేశీ కస్టమర్లతో పనిచేసే కంపెనీలు స్పానిష్ వచ్చినవాళ్ల కోసం వెతుకుతుంటాయి. మామూలు ఇంగ్లిష్ సపోర్ట్ ఉద్యోగం కంటే వీటికి జీతం ఎక్కువ, పోటీ తక్కువ.

నా డిగ్రీ అయిపోయింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నేను నాయినను అడిగింది ఒక్కటే.. ‘ఒక్క ఏడాది ఆగు’ అని. నగరంలో ఒక ప్రైవేట్ కోచింగ్ సెంటర్‌కు ఫోన్ చేసి కనుక్కున్నాం. ఫీజు, హాస్టల్ ఖర్చు కలిపి లెక్కేస్తే అది మా ఇంట్లో ఒక పంట మీద చేతికొచ్చే డబ్బు. నాయిన ఏమీ అనలేదు. నేనూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అప్పుడే ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

‘ఉద్యోగం కోసం చదువుతా అన్నది, పొద్దంతా సీరియళ్లు చూస్తున్నది’ అని చుట్టాలు అనుకుంటారని తెలుసు. అమ్మ మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. ఎందుకంటే ఆమె కూడా అలాగే నేర్చుకుంది!

అమ్మ చెప్పకనే చెప్పిన పాఠం

అమ్మ పుట్టిల్లు సదాశివపేట వైపు. పెళ్లయి ఇక్కడికి వచ్చేనాటికి ఆమెకు కన్నడలో ఒక్క ముక్క రాదు. పక్కింటి పెద్దమ్మ వాళ్లది ఇంట్లో కన్నడే. మధ్యాహ్నం పనులయ్యాక వాళ్లింట్లో ఉదయ టీవీ సీరియల్ నడిచేది. అమ్మ చాటలో పప్పు ఏరుకుంటూ అక్కడే కూర్చునేది. అర్థం కాని చోట ‘ఏమన్నది ఆమె?’ అని అడిగేది. పెద్దమ్మ సగం ఉర్దూలో, సగం తెలుగులో చెప్పేది.

రెండేళ్లు తిరిగేసరికి అమ్మ బీదర్ గంజ్‌లో ‘ఎష్టు?’ అని ధర అడగడం, నచ్చకపోతే ‘బేడ’ అని కదిలిపోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు కన్నడలో గొడవ కూడా పెట్టుకుంటుంది. భాష వచ్చిందని చెప్పడానికి అంతకన్నా పెద్ద పరీక్ష ఏముంటుంది?

నేను దీన్ని విడదీసి చూశాను. ఇందులో మూడు సంగతులున్నాయి. ఒకటి, రోజూ వినిపించే టీవీ. రెండు, అడిగితే చెప్పే మనిషి. మూడు, నేర్చుకున్న మాటను వాడే చోటు. టీవీ ఒక్కటే అయితే అమ్మకు కథ అర్థమయ్యేదేమో కానీ బేరమాడటం వచ్చేది కాదు. నాకు స్పానిష్‌లో మొదటిది ఫోన్ ఇచ్చింది. మిగతా రెండింటిని నేనే తయారుచేసుకోవాలి.

స్పానిష్ సినిమా నుంచి చిత్రహార్ దాకా

ఇక్కడ మీకో ఆసక్తికరమైన కథ చెప్పాలి. 1996 ప్రాంతంలో బ్రిజ్ కొఠారీ అనే భారతీయ విద్యార్థి అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో స్నేహితులతో కలిసి ఒక స్పానిష్ సినిమా చూస్తున్నారు. దర్శకుడు పెడ్రో అల్మొదోవార్. కొఠారీ అప్పుడు స్పానిష్ నేర్చుకుంటున్నారు. కింద ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వస్తున్నాయి. ‘ఇవి స్పానిష్‌లోనే ఉంటే డైలాగ్ బాగా పట్టుకునేవాళ్లం కదా’ అనుకున్నారు. అక్కడి నుంచి ఆలోచన మన దేశం మీదికి మళ్లింది. హిందీ పాట కింద హిందీ అక్షరాలే వేస్తే, చదువు సరిగా రానివాళ్లు పాట పాడుకుంటూనే చదవడం నేర్చుకుంటారు కదా!

తర్వాత ఆయన ఐఐఎం అహ్మదాబాద్‌లో చేరారు. 1999లో అహ్మదాబాద్ దూరదర్శన్‌లో గుజరాతీ సినిమా పాటలకు గుజరాతీ అక్షరాలతో ప్రయోగం మొదలైంది. ఆ తర్వాత చిత్రహార్, రంగోలి లాంటి జాతీయ కార్యక్రమాలకు పాకింది. కొఠారీ మొదలుపెట్టిన ‘ప్లానెట్‌రీడ్’ సంస్థ ఇప్పటికీ ఈ పనిమీదే ఉంది.

కిటుకు చాలా సింపుల్. తెర మీద అక్షరం కనిపిస్తే కన్ను దాన్ని చదవకుండా ఉండలేదు. చెవికి వినిపించే మాట, కంటికి కనిపించే మాట ఒకటే అయితే రెండూ అతుక్కుంటాయి. అదే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ అయితే కథ అర్థమవుతుంది కానీ చెవి పని మానేస్తుంది. సీజన్ మొత్తం చూసినా చివరికి ‘ఓలా’, ‘గ్రాసియాస్’ దగ్గరే ఆగిపోతాం.

మనకు కలిసొచ్చేవి ఎన్నో!

స్పానిష్ మనకు దూరపు భాష అనుకుంటాం. వినడం మొదలుపెడితే తెలుస్తుంది, తెలుగువాళ్ల నోటికి అది ఎంత హాయిగా పలుకుతుందో.

* అందులో అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఇంగ్లిష్‌లా ఒక్కో మాటలో ఒక్కోలా మారవు. చాలా మాటలు మన తెలుగులాగే అచ్చుతోనే ముగుస్తాయి.

* ఇంగ్లిష్‌లో ‘ట’ అని పలికే అక్షరం అక్కడ మన ‘త’. ‘తే’ అంటే టీ. ‘పెరో’ అంటే ‘కానీ’, ‘పెర్రో’ అంటే ‘కుక్క’. ఒత్తు మారితే అర్థం మారడం మనకు కొత్తా? ‘గది’కీ ‘గద్ది’కీ తేడా తెలిసినవాళ్లం కదా.

* క్రియను బట్టే ఎవరో తెలిసిపోతుంది. ‘మాట్లాడతాను’ అంటే చాలు, ‘నేను’ అక్కర్లేదు. అక్కడా అంతే. ‘ఆబ్లో’ అంటే మాట్లాడతాను, ‘ఆబ్లాస్’ అంటే మాట్లాడతావు.

* ‘నాకు టీ నచ్చుతుంది’ అనడానికి ‘మె గుస్తా ఎల్ తే’ అంటారు. ఇక్కడ ‘మె’ అంటే ‘నాకు’. ఇంగ్లిష్ వాళ్లు ‘నేను టీని ఇష్టపడతాను’ అనే ధోరణిలో ఆలోచించి తలపట్టుకుంటారు. మనకు అది అలవాటైన వరసే.

* చిన్నవాళ్లను ‘తూ’, పెద్దవాళ్లను, కొత్తవాళ్లను ‘ఉస్తెద్’ అంటారు. అంటే నువ్వు, మీరు. మా ఊరి ఉర్దూలోనూ దగ్గరివాళ్లను ‘తూ’ అనే అంటారు.

ఉర్దూ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. క్రీ.శ. 711 నుంచి 1492 దాకా స్పెయిన్‌లో ఏదో ఒక భాగంలో ముస్లింల పాలన సాగింది. అందుకే వేల అరబీ మాటలు స్పానిష్‌లో ఉన్నాయి. చక్కెరను ‘అసూకర్’ అంటారు. మా దుకాణంలో అది శక్కర్. మన నారింజ అక్కడ ‘నరాంఖా’. ‘అలా జరిగితే బాగుండు’ అనడానికి ‘ఓఖలా’ అంటారు. అందులో ఉన్నది ‘అల్లా’ పేరే. గొంతులోంచి వచ్చే ఆ ‘ఖ’ శబ్దం దగ్గర చాలామంది తడబడతారు. కలాన్ని ‘ఖలమ్’ అనే దక్కనీ మధ్య పెరిగినదాన్ని, నాకేం కష్టం?

నగరంలో నవ్వులపాలైన మా కలగాపులగం నాలుకే ఇక్కడ నాకు పెట్టుబడి అయింది.

నేనెలా చూస్తున్నానంటే..

‘మనీ హైస్ట్’తో మొదలుపెడదాం అని అందరూ అంటారు. 2017లో స్పెయిన్‌లోని ఆంటెనా 3 చానల్‌లో వచ్చి, నెట్‌ఫ్లిక్స్‌తో ప్రపంచమంతా తిరిగిన సిరీస్ అది. తెలుగు డబ్బింగ్ కూడా వచ్చింది. కానీ అందులో మాట తుపాకీ గుండులా పోతుంది, పైగా బూతులు, యాస. కొత్తవాళ్లకు అది చివరి మెట్టు.

మొదటి మెట్టు ‘పొకోయో’. స్పెయిన్‌లో తయారైన చిన్నపిల్లల కార్టూన్. వెనక నుంచి ఒకాయన నిదానంగా, స్పష్టంగా కథ చెబుతుంటాడు. యూట్యూబ్‌లో ఉచితం. సిగ్గుపడకండి, మనం ఆ భాషలో ఇప్పుడే పుట్టాం.

రెండో మెట్టు నేర్చుకునేవాళ్ల కోసమే చేసిన కార్యక్రమాలు. 1992లో అమెరికాలో 52 భాగాలుగా తీసిన ‘దెస్తీనోస్’ సీరియల్‌లాగే సాగుతూ పాఠం చెబుతుంది. యూట్యూబ్‌లో ‘డ్రీమింగ్ స్పానిష్’ అనే చానల్‌లో బొమ్మలు గీస్తూ, సైగలు చేస్తూ మాట్లాడతారు. అర్థమయ్యేంత సులువుగా, కొంచెం కొత్తగా ఉండే మాటను ఎక్కువగా వింటేనే భాష వస్తుందని స్టీఫెన్ క్రాషెన్ అనే భాషావేత్త చెప్పింది కూడా ఇదే.

మూడో మెట్టు తెలిసిన కథ. ‘జస్సీ జైసీ కోయీ నహీ’ గుర్తుందా? 2003లో సోనీలో వచ్చింది. మీకు గుర్తు లేకపోతే మీ అక్కనో పిన్నినో అడగండి. దాని అసలు కథ కొలంబియాది.. ‘యో సోయ్ బెట్టీ, లా ఫేయా’, 1999లో మొదలైంది. కథ ముందే తెలిస్తే బుర్రంతా మాట మీదే పెట్టొచ్చు. బెట్టీ తన బాస్‌ను ‘ఉస్తెద్’ అని ఎలా పిలుస్తుందో వింటే ఏ వ్యాకరణ పుస్తకమూ అక్కర్లేదు.

రోజూ నేను చేసేది ఇదీ: మూడు నిమిషాల సీన్ ఒకటి ఎంచుకుంటాను. మొదటిసారి సబ్‌టైటిల్స్ లేకుండా వింటాను. రెండోసారి స్పానిష్ సబ్‌టైటిల్స్‌తో, స్పీడ్ తగ్గించి చూస్తాను. మూడోసారి ఒక్కో డైలాగ్ దగ్గర ఆపి, అదే రాగంతో గట్టిగా పలుకుతాను. ఐదు కొత్త మాటలు నోట్‌బుక్‌లో రాసుకుంటాను, ఐదే. చివర్లో మళ్లీ సబ్‌టైటిల్స్ తీసేసి చూస్తాను. మొత్తం 40 నిమిషాలు.

ఒక జాగ్రత్త. ఇంగ్లిష్ సిరీస్‌ను స్పానిష్ డబ్బింగ్‌లో చూస్తే ఆడియో ఒకటి, సబ్‌టైటిల్ ఇంకొకటి ఉంటుంది చాలాసార్లు. అందుకే మొదట్నుంచీ స్పానిష్‌లోనే తీసినవి ఎంచుకోండి.

టీవీ ఏం నేర్పదు?

టీవీ మనల్ని ఏమీ అడగదు. మనం తప్పు పలికినా దానికి పట్టదు. అందుకే అమ్మకు దొరికిన పక్కింటి పెద్దమ్మ నాకూ కావాలి అనిపించింది. లాంగ్వేజ్ ఎక్స్‌ఛేంజ్ యాప్‌లో మెక్సికో అమ్మాయి ఒకరు పరిచయమైంది. తను ఇంగ్లిష్ నేర్చుకుంటోంది. వారానికి రెండుసార్లు వాయిస్ మెసేజ్‌లు పంపుకుంటాం. తను నా మాట దిద్దుతుంది, నేను తనది దిద్దుతాను. స్పెయిన్‌లో ‘గ్రాథియాస్’ అనేది వాళ్ల దగ్గర ‘గ్రాసియాస్’ అవుతుందని తనే చెప్పింది. కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు ఫొటోలు, అడ్రస్ లాంటివి ఇవ్వకూడదని మీకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదనుకుంటా.

పోయిన నెల ఒక కంపెనీ నుంచి ఫోన్ ఇంటర్వ్యూ వచ్చింది. అటువైపు ఆమె పావుగంట స్పానిష్‌లోనే మాట్లాడింది. మా ఊరి గురించి అడిగింది. మంజీర గురించి, అల్లం పంట గురించి చెప్పాను. చివర్లో ‘వినడం, మాట్లాడటం బాగుంది. సర్టిఫికెట్ ఉంటే ముందుకు వెళ్లొచ్చు’ అంది.

సర్టిఫికెట్ అంటే డెలే పరీక్ష. స్పెయిన్ విద్యాశాఖ తరఫున ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ నిర్వహిస్తుంది. దాని కేంద్రం ఢిల్లీలో ఉంది. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయులు. ఒకసారి పాసైతే సర్టిఫికెట్‌కు గడువు ఉండదు. ఉద్యోగాలకు ఎక్కువగా బీ2 అడుగుతారు. ఇందులో రాయడం కూడా ఉంటుంది. అది టీవీతో రాదు. అందుకే ఇప్పుడు చూసిన ప్రతి సీన్ గురించి పది లైన్లు రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఉండి చదివే వీలున్నవాళ్లకు ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లిష్ సంస్థగా మొదలై, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయిన ఈ సంస్థలో స్పానిష్ కోర్సులున్నాయి.

నాకు ఇంకా మూడు నెలల గడువుంది. నాయిన మొన్న పరీక్ష ఫీజు ఎంతని అడిగాడు. చెప్పాను. ‘కట్టేద్దాం’ అన్నాడు. సంబంధాల మాట అయితే ఆగలేదు, కాస్త నెమ్మదించింది. ఫలితం ఎలా వస్తుందో తెలియదు. కానీ డబ్బు లేక ఆగిపోవాల్సిన చోట ఆగలేదు, అది చాలు ఇప్పటికి.

మీరు కూడా ఏదో ఒక భాష నేర్చుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారా? అది స్పానిషే కానక్కర్లేదు. కొరియన్, జపనీస్, పక్క రాష్ట్రం కన్నడ.. ఏదైనా సరే. ఈ రాత్రి రీల్స్ పక్కన పెట్టి, ఆ భాషలో మూడు నిమిషాల సీన్ ఒకటి వెతకండి. సబ్‌టైటిల్స్ అదే భాషలో పెట్టండి. ఒక్క డైలాగ్ గట్టిగా పలకండి. ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వండి!