మంచు కరగగానే చేపలు ఒడ్డుకెందుకొస్తాయి?

అమెరికాలోని మిన్నెసోటాలో చలికాలమంతా సరస్సులు గడ్డకట్టే ఉంటాయి. అయితే పైపైనే! నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉండి అడుగుకు దిగుతుంది. మంచు తేలికై పైన తేలుతుంది. చేపలు ఆ మంచు కిందే బతుకుతాయి. ఎంత చక్కని ఏర్పాటో!

వసంతంలో మంచు కరిగాక, లోతు తక్కువ ఉన్న ఒడ్డు నీళ్లే ముందుగా వేడెక్కుతాయి. అడుగున నల్లటి బురద ఉంటే మరీ త్వరగా, ఎందుకంటే నలుపు ఎండను బాగా పీల్చుకుంటుంది. అక్కడ పురుగులు కదలడం మొదలవుతుంది. వాటికోసం చిన్న చేపలు, వాటి వెనకే పెద్దవి వస్తాయి. గాలం వేసేవాళ్లు ఎరను మెల్లగా లాగుతారు. నీళ్లింకా చల్లనే కాబట్టి చేప ఒళ్లూ చల్లగానే ఉంటుంది, వేగంగా తరమలేదు.

వాలై చేప మాత్రం అప్పుడే రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. అందుకే అక్కడి చాలా సరస్సుల్లో మే నెల మధ్యదాకా దాన్ని పట్టనివ్వరు.